జమావబందీల బతుకమ్మ ఎట్ల చేసుకోవాలె

పెత్రమాస (పితృ అమావాస్య) దగ్గరికొస్తుందంటే నా ఫోన్‌కు అదే ప్రశ్న. ఈ మహారాష్ట్ర దిక్కు ఘుగ్గుస్ నుంచి ఒకామె, రాజురా నుంచి ఒకామె, సిరొంచ నుంచి ఇంకొకామె. "అక్కా, ఈసారి ఊరికి పోయే తీరు లేదు. ఇక్కడనేమో బందు అంటుండ్రు. బతుకమ్మ చేయాల్నా, ఆపాల్నా?" ఒక్కొక్కరికి చెప్పి చెప్పి నోరు నొస్తుంది. అందుకే రాసి పెడుతున్న, ఇది చదివి చేసుకోండి.

నేను ఇక్కడి బల్లార్షాకు వచ్చి ఇరవై రెండేండ్లాయె. రైలెక్కితే మంచిర్యాల ఎంత దూరమని! కానీ పండుగ పూటనే ఏదో ఒకటి అడ్డం వస్తది. ఒక ఏడు వార్ధా నది నిండుగ పారి రేవు దిక్కు పోనియ్యలే. ఒక ఏడు జమావబందీ, అంటే గుంపు కావద్దన్న ఆర్డరు. 2020ల కరోనా, ప్యాసింజర్ బండ్లే లేవు. పైగా ఆ ఏడు అధిక ఆశ్వయుజం వచ్చి మొదటినాటి ఎంగిలిపూలు ఎప్పుడన్నదే పెద్ద పంచాయితైంది. ఆ మూడేండ్లు మేము చేసినం. చిన్నగ చేసినం, గంతే.

కావలసినవి (నలుగురున్న ఇంటికి)

- పది, పన్నెండు అంగుళాల ఇత్తడి తాంబాలం, లేకపోతే వెదురు సిబ్బి. స్టీలు పళ్లెమైతే అంచున్నది చూడండి.
- గుమ్మడి ఆకులు ఐదారు, లేకపోతే ఆముదం ఆకులు.
- గునుగు రెండు పిడికిళ్ల కట్టలు నాలుగు, తంగేడు దొరికినంత, బంతి అరకిలో, చామంతి పావుకిలో.
- తెల్ల దారం, కత్తెర, పాత నూలు చీర ముక్క.
- పసుపు, కుంకుమ, తమలపాకులు, అగర్‌బత్తీలు.
- మూతి వెడల్పున్న టబ్బు, లేకపోతే గంగాళం. రేవుకు పోనియ్యని నాడు ఇదే మన చెరువు.

1. ముందు అది ఏ బందో తెలుసుకోండి

అందరు ఇక్కడనే ఆగమైతరు. మన వాళ్లు అన్నిటికీ "144 పెట్టిండ్రు" అంటరు. మూడు వేరు వేరు సంగతులున్నయి.

బంద్: ఏదో పార్టీనో సంఘమో పిలుపిచ్చింది. దుకాణాలు, బస్సులు ఉండకపోవచ్చు. మీరు ఇంటి ముందట ఆడుకుంటే చట్టం ఏమనదు. మీ తిప్పలంతా పూలకే.

జమావబందీ: ఐదుగురు, అంతకు మించి ఒక్క తాన గుమిగూడొద్దని ఆర్డరు. పాత చట్టంల 144, 2024 జులై 1 నుంచి కొత్త చట్టంల 163. మహారాష్ట్రల పోలీసు చట్టం 37వ సెక్షన్ కింద కూడా ఇస్తుంటరు. అంగడికి పోవచ్చు, రావచ్చు, గుంపు కావద్దు.

సంచారబందీ: ఇది కర్ఫ్యూ. గడప దాటద్దు. సడలింపు గంటలల్లనే బయటికి.

ఆర్డరు మరాఠీల ఉంటది. పిల్లలతోని చదివించుకోండి. చూడాల్సినవి మూడే: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాక, ఏ ప్రాంతానికి, దేనికి మినహాయింపు. వాట్సాప్‌ల వచ్చే ఫొటో సగం సార్లు పోయిన ఏడుదో, వేరే జిల్లాదో ఉంటది. పైన తేదీ కనవడకపోతే నమ్మకండి. అనుమానముంటే ఠాణాకు ఇద్దరు పెద్దమనుషులను పంపి "పరవానగీ కావాల్నా" అని అడిగించండి, పది మంది ఆడోళ్లం ఒక్కసారే పోవద్దు. మేము ఒకసారి అట్లనే పోయినం. అనుమతి అడగబోయిన గుంపే జమావబందీ తప్పిన గుంపైంది. లోపలున్న కానిస్టేబులు నవ్వాపుకోలేకపోయిండు.

2. ఎన్ని రోజులో ఖాయం చేసుకోండి

తొమ్మిది రోజులు కుదిరితే తొమ్మిది. కుదరకపోతే మొదటి రోజు ఎంగిలిపూలు, ఆఖరి రోజు సద్దులు, ఈ రెండు వదలకండి. నడుమ రోజులల్ల ఒక పిడికెడు పూలు పళ్లెంల పెట్టి నైవేద్యం పెడితే చాలు. ఆరోనాడు అలిగిన బతుకమ్మ, ఆ రోజు ఎట్లాగూ పేర్చరు. కర్ఫ్యూ ఆనాడే పడితే మన అదృష్టం.

తిథికి తెలుగు పంచాంగమే ఉండాలని లేదు. గోడ మీది మరాఠీ క్యాలెండర్ చూడండి, వాళ్ల మాసాలు మన మాసాలు ఒక్కటే లెక్క. వాళ్లకు సర్వపిత్రీ అమావాస్య ఎప్పుడో మనకు ఎంగిలిపూలు ఆనాడే. తెల్లారి వాళ్లకు ఘటస్థాపన. కొన్ని ఊర్లల్ల సద్దులు ఏడోనాడే చేస్తరు. మీ అత్తగారి ఊరి తీరు ఫోన్ చేసి అడుగుండ్రి, ఇక్కడి పక్కింటామె తీరు పట్టుకుంటే తర్వాత మాట పడాల్సి వస్తది.

ఇంకొకటి. మన ఆఖరి రోజులు అక్టోబరు 15, 16 దగ్గర పడ్డయనుకోండి, చంద్రాపూర్ దీక్షాభూమికి జనం పోటెత్తుతరు. 1956 అక్టోబరు 16న అంబేద్కర్ అక్కడ బౌద్ధ దీక్ష ఇచ్చిన దినం కదా. బస్సుల నిలబడ జాగ ఉండదు. చంద్రాపూర్ అంగట్ల పూలు కొనే ఆలోచనుంటే 14కు ముందే కానియ్యాలె.

3. పూలు: ఎక్కడివి, ఎప్పుడు, ఏవి వద్దు

పొలం గట్ల మీద గునుగు ఉంటది. మరాఠీల కుర్డు అనాలె. "కుర్డూచీ ఫులం" అని అడిగితే కూలికి పోయే ఆడోళ్లే కట్ట కట్టి తెచ్చిస్తరు, వాళ్లకు అది కలుపు. వానకాలంల లేత ఆకు కూర వండుకుంటరు కాబట్టి మొక్క అందరికీ ఎరుకే. తంగేడును తరవడ్ అంటరు. బంతి ఝేండు, చామంతి శేవంతి. బంతి రేటు దసరా దగ్గర పడ్డకొద్దీ ఎగురుతది, మరాఠీ వాళ్ల గుమ్మాలన్నిటికీ ఆ తోరణమే కావాలె. ఐదోనాటికే కొనిపెట్టుకోండి. తొడిమెలతోని కాగితంల చుట్టి చల్లటి మూలకు పెడితే రెండు మూడు రోజులు ఆగుతది. గునుగైతే ఎండినా చెడదు, వారం ముందే తెచ్చుకోవచ్చు. తంగేడు ఒక్కటే మొండిది, పొద్దున కోస్తే సాయంత్రానికి రాలుడు మొదలు. మొగ్గలున్న కొమ్మ కోసి తడి చీర ముక్కల చుట్టండి. నీళ్లల్ల ముంచి పెట్టకండి, నల్లబడుతది.

పూలకు పోయేటప్పుడు జాగ్రత్త. తాడోబా పులుల అడవి మనకు ఎంత దూరం? చంద్రాపూర్ థర్మల్ దిక్కు, బొగ్గు గనుల మట్టి గుట్టల పొదలల్ల పులి తిరుగుడు ఇక్కడ కొత్త ముచ్చట కాదు. తెల్లారకముందు, పొద్దుగూకినంక ఒక్కరే పోవద్దు. వంగి పూలు కోసే మనిషిని పులి మనిషి అనుకోదు. నలుగురు పోండి, మాట్లాడుకుంట పోండి. జమావబందీల నలుగురు తప్పు కాదు.

కోయకూడనివి రెండు. ఒకటి వయ్యారిభామ, ఇక్కడ గాజర్ గవత్ అంటరు. తెల్లటి సన్న పూలు, పిల్లలు గునుగు లెక్కనే ఉన్నదని సంచి నిండ తెస్తరు. చేతులు, మెడ దద్దుర్లు లేస్తయి. రెండోది పచ్చగన్నేరు. తంగేడు లేదని పసుపు రంగు కోసం చాల మంది అదే వాడుతరు. దాని పాలు, గింజ, ఆకు అన్నీ విషం. వాడక తప్పదంటే పై వరుసలకే వాడండి, చేతులు కడిగినంకనే సద్ది ముట్టండి, చిన్నపిల్లల చేతికి ఇయ్యకండి. నన్నడిగితే పచ్చ బంతి రేకులు చాలు.

అంగడి మొత్తం బందైతే? పెరట్ల ఉన్నదే బతుకమ్మ. మందారం, బీర పువ్వు, గుమ్మడి పువ్వు, నందివర్ధనం, గడ్డిపూలు. 2020ల మా ఇంట్ల బతుకమ్మ కింద నాలుగు వరుసలు వేప రెమ్మలు, పైన రెండు వరుసలు బంతి. మా అత్తమ్మ వీడియోల చూసి "ఆకుల బతుకమ్మ" అన్నది కానీ తప్పు పట్టలే.

4. గునుగుకు రంగు

గులాల్ చల్లకండి, రాలి చీరలన్నీ ఆగమైతయి. గిన్నెల వేడి నీళ్లు పోసి రంగు పొడి చిక్కగ కలపండి. గునుగు తలలు మాత్రమే ముంచి దులపండి. కాడ తడవద్దు, తడిస్తే పేర్చినంక లోపల బూజు పడుతది. నీడకు తలకిందుల ఆరబెట్టండి. ఆరిందో లేదో చూసే తీరు: తెల్లబట్టతోని పట్టి గుంజండి. బట్టకు రంగంటితే ఇంకో పూట ఆరాలె. తెల్లగ ఉన్న గునుగు కూడ కొంత ఉంచుకోండి, రంగు వరుసల నడుమ అదే ఎత్తి చూపెడతది.

5. పేర్చుడు

ముందు తాంబాలంల గుమ్మడి ఆకులు బోర్లించి పరచండి. అంచు రెండు వేళ్లు విడిచిపెట్టండి, పట్టుకునే జాగ అది.

మొదటి వరుస తంగేడు. పువ్వు బయటికి, కాడ లోపలికి, గుండ్రంగ. కాడలన్నీ ఒక్క తీరు జానెడుకు తక్కువగ కత్తిరించండి. వరుస కాంగనే నడుమ గుంతల ఆకు ముక్కలు, కత్తిరించిన కాడలు కుక్కండి. అరచేత్తోని గట్టిగ ఒత్తండి. ఇప్పుడు రెండో వరుస, మొదటిదానికన్న వేలెడంత లోపలికి.

నూటికి తొంభై మంది తప్పు ఇక్కడనే. బయట సోకు చూసుకుంట పోతరు, నడుమ నింపరు. నేను మొదటిసారి ఒంటిగ పేర్చిన ఏడు అదే చేసిన. ఆరు వరుసలు లేపిన, మా ఆయన ఫొటో కూడ తీసిండు. మెట్లు దిగుతుంటే మూడో మెట్టు మీద నడుము ఇరిగినట్టు పక్కకు ఒరిగి, గునుగంతా కింది వాటాల మరాఠీ మావశి (పిన్నమ్మ లెక్క) తులసికోట మీద పడ్డది. ఆమె "మీది పండుగ మా ఇంటికే వచ్చింది" అని నవ్వి పూలు ఏరిచ్చింది. అప్పటి నుంచి ప్రతి వరుసకు నడుమ వేలు దించి చూస్త. వేలు సర్రున దిగితే గుల్ల ఉన్నట్టు, ఇంకింత కుక్కాలె.

రెండు వరుసలకొకసారి దారం చుట్టూ వేసి ముడేయండి, పూల కింద దాగుతది. ఎత్తు పళ్లెం వెడల్పుకు మించొద్దు. ఊర్ల నడుమెత్తు బతుకమ్మలు పేర్చే చెయ్యి మీదైనా సరే, ఈ గడబిడ రోజులల్ల ఒక్క మనిషి ఒక్క చేత్తోని పట్టుకొని తలుపు తీసేంతే ఉండాలె.

ఆఖరుకు పైన గుమ్మడి పువ్వు. దొరకకపోతే పెద్ద ముద్దబంతి.

సరిగ్గ వచ్చిందా? పళ్లెం ఎత్తి కొంచెం ఒంచండి, చుట్టు తిప్పండి. పై వరుస కదలకపోతే సరే. కదిలితే విప్పకండి, రెండు వరుసలు తీసి నడుమ నింపి మళ్లీ పేర్చండి.

పసుపు గౌరమ్మ: పిడికెడు పసుపుల నీళ్లు ఒక్కొక్క చెంచా పోసి ముద్ద చేసి, ముక్కోణంగ ఒత్తి తమలపాకు మీద నిలపండి. నీళ్లెక్కువైతే కూలవడుతది. అట్లయితే ఇంత పసుపు చల్లి మళ్లీ ఒత్తుకోండి.

6. ఆట

నలుగురే ఉండాలంటే నలుగురే ఆడండి. మా గల్లీల జమావబందీ ఏడు పదకొండు మందిమి. కానిస్టేబులు బండి ఆపి "ఫక్త చౌఘీ", నలుగురే అని వేళ్లు చూపించిండు. సరే అని నలుగురు ఆడుడు, మిగిలినోళ్లు ఎవరి గడపల వాళ్లు నిలబడి అందుకునుడు. ఒక పాటకు ఒక జట్టు. గడపల నుంచి వచ్చే "ఉయ్యాలో" నడిబజార్ల ఆడిన నాటికన్న బాగ వినవడ్డది, అబద్ధమెందుకు.

డీజే, మైకు జోలికి పోవద్దు. మామూలు రోజులల్లనే రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాక మైకు బందు, ఇప్పుడైతే ఒక్క ఫిర్యాదు చాలు. పొద్దుగూకకముందే ఐదున్నరకు మొదలువెట్టి అరగంటల ముగించండి.

పక్కవాళ్లకు ఒకరోజు ముందే చెప్పిపెట్టుండ్రి. ఊరు ఉడికి ఉన్నప్పుడు వేరే భాషల పాట, చప్పట్లు వినవడితే ఎవరైనా ఉలిక్కిపడుతరు. "ఆమ్చా ఫులాంచా సణ్ ఆహే, ఫక్త అర్ధా తాస్" (మా పూల పండుగ, అరగంటే) అంటే చాలు. ఇంకా అర్థం కాకపోతే భులాబాయి లెక్కనే అనండి. విదర్భ ఆడపిల్లలకు భాద్రపద పున్నమి నుంచి కోజాగిరి (ఆశ్వయుజ పున్నమి) దాక గుండ్రంగ తిరిగి పాడే భులాబాయి పాటలు చిన్ననాటి నుంచీ ఎరుకే. ఆ పేరు చెప్పంగనే మా మావశి ముఖం మారింది, తనే వచ్చి చప్పట్లల్ల కలిసింది. నేను ఆ నాటి దాక ఆమెను పిలవనే లేదు, అది నా తప్పు.

సంచారబందీ అయితే వీడియో కాల్. దీంట్ల ఒక తిరకాసుంది. అమ్మ అక్కడ చప్పట్లు కొడితే మనకు రెండు క్షణాలు ఆలస్యంగ వినవడుతది, మనయి వాళ్లకు ఇంకా ఆలస్యం. అందరు కలిసి పాడబోతే గోల. పాడే మనిషి ఒక్కరే మైకు తెరిచి ఉంచాలె, మిగిలిన అందరు మ్యూట్. వాళ్ల పాటకు మీ ఇంట్ల మీరు ఆడండి. నెట్టు బందు చేస్తరన్న అనుమానముంటే రెండు రోజుల ముందే అమ్మతోని పాట రికార్డు చేయించుకొని ఫోన్ల దాచుకోండి. అమ్మకు వెయ్యి పనులు, గుర్తు చేస్తనే ఉండాలె.

వీడియోలు అప్పుడే స్టేటస్‌ల పెట్టకండి. ఏ గల్లీ, ఎంత మంది అని లోకానికి చాటుడు మనకెందుకు? వారం పోయినంక పెట్టుకోండి.

7. నీళ్లల్ల విడుచుడు

రేవుకు పోనిస్తే, వార్ధా నెమ్మదిగ ఉంటే, ఇద్దరు పోయి రండి. పై డ్యాములు గేట్లు ఎత్తిండ్రంటే ఇక్కడ ఎండ కొడుతున్నా నీళ్లు పెరుగుతయి, మెట్టు దిగకండి.

లేకపోతే ఇంటి ముందట టబ్బు. నిండ నీళ్లు పోసి చిటికెడు పసుపు వేయండి. పళ్లెంతోని పెట్టకండి, ఆకుల కింద చేతులు పెట్టి బతుకమ్మను నీళ్ల మీదికి జరపండి. దారం ముందే కత్తిరించండి. గౌరమ్మను ముంచే ముందు ఇంత పసుపు తీసి పుస్తెలకు పెట్టుకుంటరు కదా, అది మరువకండి. పూలు తెల్లారి దాక నీళ్లల్ల ఉంచొద్దు, వాసనొస్తది. గంటాగి తీసి మున్సిపాలిటీ వాళ్లు పెట్టే నిర్మాల్య కలశంల వేయండి, లేకపోతే కుండీల ఎరువు. రంగు గునుగు మాత్రం ఎరువుల కలపకండి. ఆ నీళ్లు చెట్లకు పోయండి, తొక్కే తోవల పారబోయొద్దు.

8. నైవేద్యాలు, సద్దులు

దుకాణాలు మూసినా ఆగవు, అన్నీ డబ్బాలల్లవే. అమావాస్యకు నువ్వులు, బియ్యప్పిండి. రెండోనాడు అటుకులు, చప్పిడి పప్పు. అటుకులు మహారాష్ట్రల కరువా! ఉడికించే పని లేకుండ పాతళ్ పోహే (పలచటి అటుకులు) తీసుకోండి, జాడే పోహే (మందం అటుకులు) బెల్లంల నానవు. మూడోనాడు ముద్దపప్పు, నాలుగుకు నానేసిన బియ్యం, పాలు, బెల్లం. ఐదుకు అట్లు. ఆరు లేదు. ఏడుకు పిండి వేపకాయల లెక్క చుట్టి కాల్చినవి. ఎనిమిదికి నువ్వులు, వెన్న, బెల్లం.

సద్దుల నాడు తొమ్మిది రకాలు కుదరకపోతే ఐదు. చింతపండు పులిహోర, పెరుగన్నం, నువ్వుల పొడి, పల్లీ పొడి, కొబ్బరి. నిమ్మకాయ ఉంటే ఆరు. మలీదకు జొన్నరొట్టె కావాలె, లేకపోతే పొద్దుటి చపాతీలు నలిపి బెల్లం, నెయ్యి కలపండి. అన్నం వేడిగున్నప్పుడు డబ్బాల మూత పెట్టొద్దు. చెమట పట్టి పంచేలోపల పులుస్తది. పళ్లెంల పరిచి చల్లారినంకనే కలపండి.

పంచుడు గుంపుల వద్దు. చిన్న డబ్బాలల్ల పెట్టి పిల్లలతోని ఒక్కొక్క గడపకు పంపండి. మావశి ఇంటికి మొదటి డబ్బా. ఆమె దసరా నాడు ఆప్టా ఆకు బంగారమని తెచ్చి చేతుల పెడతది, మనం జమ్మి ఇస్తం.

9. వచ్చే ఏటికి

పొలం గట్టున గునుగు ఎండి నిలబడ్డది కొన్ని తలలు కోసుకొచ్చి, కాగితం మీద నలపండి. నల్లటి సన్న గింజలు రాలుతయి, మెరుస్తయి. రంగు వేసినవాటి గింజ వద్దు. బంతి కూడ రెండు పూలు ఎండబెట్టి దాచండి. మృగశిర వానలు పడంగనే పెరట్లనో, నాలుగు పాత బకెట్లల్లనో చల్లండి, పైన మన్ను పలచగ. నా దగ్గర గింజలు ఉన్నయి, రాజురా వాళ్లు ఎవరన్న వస్తే పొట్లం కట్టి పంపిస్త.